షిప్‌లో దెబ్బ తగిలితే, జబ్బు చేస్తే: మీ డబ్బు మీకు రావడానికి మొదటి రోజు నుంచి ఏం చేయాలి

నా కుడి మణికట్టు పూర్తిగా తిరగదు. తలుపు గొళ్లెం తీయాలంటే భుజం నుంచి చెయ్యంతా తిప్పాలి. ఏబీగా (డెక్ మీద పనిచేసే నావికుడిగా) ఉన్న రోజుల్లో, షిప్‌ను బెర్త్‌కు కడుతుంటే మూరింగ్ రోప్ తెగి వెనక్కి వచ్చి కొట్టింది. చెన్నైలో దిగిన మూడో రోజున ఒక ఆఫీసులో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, రెండు నెలల జీతానికి సమానమైన చెక్కు ముందు పెట్టారు. దాని పక్కన ఒక కాగితం. ఇకపై కంపెనీ నుంచి నాకు రావాల్సింది ఏమీ లేదని అందులో ఉంది. కుడి చెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఎడమ చేత్తో సంతకం పెట్టాను. ఆ చెయ్యి ఎంతవరకు బాగవుతుందో అప్పటికి ఏ డాక్టరూ తేల్చలేదు.

నా కాంట్రాక్టు ప్రకారం నాకు రావాల్సింది అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని ఆ తర్వాత తెలిసింది. అది తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఇప్పుడు రాయపురంలో ఉంటున్నాను. శ్రీకాకుళం, విశాఖ, నెల్లూరు నుంచి మెడికల్ కోసం, సైన్ ఆన్ (షిప్‌లో డ్యూటీలో చేరడం) కోసం చెన్నై వచ్చే మన కుర్రాళ్లు ఎవరో ఒకరు చెబితే నా దగ్గరికి వస్తారు. కొందరు చేతికట్టుతో వస్తారు, కొందరు ఎక్స్‌రే కవరుతో. దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: "అన్నా, ఈ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టనా?" వాళ్లకు ఒక్కొక్కరికీ చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు ఇది అర్థం చేసుకోండి: డబ్బు ఒకటే కాదు, నాలుగు

నష్టపరిహారం అనగానే ఒకే మొత్తం అనుకుంటాం. అక్కడే మోసపోతాం. మొదటిది వైద్యం ఖర్చు. షిప్‌లో, విదేశీ పోర్టులో, ఇంటికి వచ్చాక కూడా. రెండోది జబ్బు జీతం, అంటే పని చేయలేని రోజులకు వచ్చే జీతం. మూడోది, బాగు కాకుండా మిగిలిపోయిన వైకల్యానికి మీ కాంట్రాక్టు ప్రకారం వచ్చే పరిహారం. నాలుగోది చట్టం ప్రకారం లేబర్ ఆఫీసులోనో కోర్టులోనో అడిగేది.

నా ముందు పెట్టిన చెక్కు నిజానికి రెండో రకం డబ్బు, జబ్బు జీతంలో ఒక ముక్క. కాగితం మాత్రం నాలుగింటికీ తలుపు మూసేలా రాశారు. ఎవరైనా డబ్బు ఇస్తామంటే, "ఇది ఈ నాలుగింట్లో ఏది సార్?" అని అడగండి. జవాబును మెయిల్‌లో రాసి పంపమనండి.

ఈ హక్కులకు మూలం 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్‌లో ఉంది. మనవాళ్లు ఎంఎల్‌సీ అంటారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఈ ఒప్పందం 2013 ఆగస్టు 20 నుంచి ప్రపంచంలో అమల్లో ఉంది. భారతదేశం 2015 అక్టోబర్‌లో ఆమోదిస్తే ఏడాది తర్వాత మనకు వర్తించింది. దీని ప్రకారం మీరు డ్యూటీలో చేరిన రోజు నుంచి ఇంటికి చేర్చేదాకా వచ్చే దెబ్బకూ జబ్బుకూ ఓడ యజమానిదే బాధ్యత. వైద్యం బాగయ్యేదాకా, లేదా ఇది శాశ్వతమని తేల్చేదాకా యజమానే చేయించాలి. షిప్‌లో ఉన్నంతకాలం పూర్తి జీతం రావాలి. ఇంటికి వచ్చాక కూడా జీతం మొత్తమో కొంతో రావాలి. ఒక దేశం చట్టం ఈ రెండింటికీ పరిమితి పెట్టొచ్చు కానీ అది 16 వారాలకు తగ్గకూడదు. ఐటీఎఫ్ (అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య) ఒప్పందాలున్న షిప్‌లలో జబ్బు జీతం 130 రోజుల దాకా ఉంటుంది.

యజమాని తప్పించుకోగలిగే సందర్భాలు మూడే. ఓడ సేవలో కాకుండా వేరే సందర్భంలో దెబ్బ తగలడం, మీరు కావాలని చేసిన దుష్ప్రవర్తన, చేరేటప్పుడు తెలిసీ దాచిన జబ్బు. "నువ్వు జాగ్రత్తగా లేవు" అనేది ఈ మూడింట్లో లేదు. గ్లౌవ్స్ సరిగా వేసుకోలేదని తిట్టి, అందుకే డబ్బు రాదని భయపెడతారు. పొరపాటు వేరు, కావాలని చేయడం వేరు.

షిప్ ఎక్కక ముందు

ఈ భాగం చాలామంది వదిలేసి కింది భాగానికి వెళతారు. మీరు వదలకండి.

మిమ్మల్ని పంపుతున్న ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ షిప్పింగ్ విభాగం డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్, అంటే నావికులను ఉద్యోగాల్లో పెట్టే లైసెన్సు ఉందా? నంబరు అడిగి డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో మీరే చూడండి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడం నిషేధం. లక్షలు కట్టించుకుని లైసెన్సు లేకుండా పంపే వాళ్ల దగ్గరికి వెళితే, రేపు చెయ్యి విరిగిన రోజున మీ తరఫున జవాబు చెప్పాల్సిన మనిషే ఉండడు. శ్రీకాకుళం వైపు నుంచి ఎంతమంది ఇలా ఇరుక్కున్నారో నాకు బాగా తెలుసు.

కాంట్రాక్టు మొత్తం చేతికి తీసుకోండి. జీతం ఉన్న మొదటి పేజీ ఒక్కటే సరిపోదు. అందులో ఏ యూనియన్ ఒప్పందం వర్తిస్తుందో రాసి ఉంటుంది. భారత జెండా షిప్ (భారత్‌లో రిజిస్టరైనది) అయితే నేషనల్ మారిటైమ్ బోర్డు ఒప్పందం, విదేశీ జెండా అయితే చాలాసార్లు ఐటీఎఫ్ లేదా ఐబీఎఫ్ (యజమానులు, ఐటీఎఫ్ కలిసి బేరమాడే వేదిక) ఒప్పందం. వైకల్యానికి ఏ ర్యాంకుకు ఎన్ని డాలర్లు, ఎంత శాతానికి ఎంత అన్న పట్టిక దాని వెనక పేజీల్లో ఉంటుంది. ఫోన్‌లో ఫొటోలు తీసి ఇంట్లో అమ్మకో భార్యకో పంపండి. షిప్‌లో ఫోన్ నీళ్లలో పడినా ఇంట్లో ఆ పేజీలు ఉంటాయి.

మెడికల్‌లో నిజం చెప్పండి. బీపీ ఉందంటే పంపరని టెన్షన్ పడి దాచేస్తారు. ఏడు నెలల తర్వాత షిప్‌లో గుండెపోటు వస్తే, కంపెనీ మొదట వెతికేది మీ పాత ప్రిస్క్రిప్షన్ల కోసమే. దాచారని రుజువైతే పైన చెప్పిన మూడో మినహాయింపు మీకు అడ్డం పడుతుంది. అదే మీరు చెప్పి, మందులతో అదుపులో ఉందని డాక్టరు ఫిట్ ఇచ్చి ఉంటే, ఆ ఫిట్ సర్టిఫికెట్టే మీ చేతిలో ఆధారం.

షిప్ ఎక్కాక మెస్ రూమ్ దగ్గరో అలీవేలోనో (నడవలోనో) ఒక సర్టిఫికెట్ అంటించి ఉంటుంది. 2017 జనవరి 18 నుంచి ప్రతి యజమానీ నావికుల మరణానికి, పని వల్ల వచ్చే దీర్ఘకాలిక వైకల్యానికి ఆర్థిక భద్రత చూపించాలి. అంటే ఇన్సూరెన్స్. ఎక్కువగా ఓడ యజమానుల ఇన్సూరెన్స్ సంఘాలైన పీ అండ్ ఐ క్లబ్బులు ఇస్తాయి. ఆ సర్టిఫికెట్‌లో ఇన్సూరెన్స్ ఇచ్చినవాళ్ల పేరు, వాళ్లను సంప్రదించే వివరాలు ఉంటాయి. దాన్ని ఫొటో తీసుకోండి. కంపెనీ చేతులెత్తేస్తే మీరు నేరుగా ఆ ఇన్సూరెన్స్ వాళ్లనే అడగవచ్చు, ఆ హక్కు ఎంఎల్‌సీలోనే ఉంది.

దెబ్బ తగిలిన రోజు

కేసు గెలవడం, ఓడిపోవడం చాలావరకు ఈ రోజునే తేలిపోతుంది.

ఒక మోటార్‌మ్యాన్ నా దగ్గరికి వచ్చాడు. ఇంజిన్ రూమ్‌లో బరువైన పంపు భాగం ఇద్దరు ఎత్తాల్సింది ఒక్కడే ఎత్తాడు. నడుములో పట్టేసింది. రెండు రోజులు పెయిన్‌కిల్లర్ వేసుకుని పని చేశాడు. మూడో రోజు లేవలేకపోతే చెప్పాడు. రిపోర్టులో రాసింది రెండు మాటలు: "నడుము నొప్పి". ఎక్కడ, ఎలా, ఏం ఎత్తుతుంటే అన్నది ఒక్క ముక్క లేదు. చెన్నైలో దిగాక స్కానింగ్‌లో డిస్క్ జారిందని తేలింది. కంపెనీ డాక్టరు "వయసుతో వచ్చే అరుగుదల" అని రాశాడు. ఆ కుర్రాడికి 29 ఏళ్లు. ఆ రెండు మాటల రిపోర్టు వల్ల అతను ఏడాదిన్నర తిరిగాడు.

కాబట్టి దెబ్బ చిన్నదైనా సరే, అదే వాచ్‌లో (షిఫ్టులో) చెప్పండి. మీ పైఆఫీసర్‌కు నోటితో చెప్పి, తర్వాత రాతలో ఇవ్వండి. రోజు, సమయం, షిప్‌లో ఎక్కడ, ఏ పని చేస్తుంటే, ఎవరు చెప్పిన పని, పక్కన ఎవరు ఉన్నారు, శరీరంలో ఎక్కడ, అన్నీ రాయండి. ఇంగ్లిష్ బాగా రాదని వెనక్కి తగ్గొద్దు. చిన్న చిన్న వాక్యాలు చాలు. పని తీరు, దానివల్ల వచ్చిన దెబ్బ, ఈ రెండూ ఒకే వాక్యంలో ఉండాలి: "పంపు ఎత్తుతుండగా నడుములో పట్టేసింది."

అఫీషియల్ లాగ్ బుక్‌లో రాశారా, యాక్సిడెంట్ రిపోర్టు చేశారా, మెడికల్ లాగ్‌లో ఎక్కించారా అని అడగండి. కాపీ అడగండి. ఇవ్వకపోతే అడిగినట్టు, ఇవ్వనట్టు రోజుతో సహా రాసి పెట్టుకోండి, కంపెనీకి ఒక మెయిల్ పంపండి. పని జరిగిన చోటును, తెగిన రోప్‌ను, విరిగిన నిచ్చెనను ఫొటో తీయండి. శుభ్రం చేసేశాక ఏమీ మిగలదు. పక్కనున్నవాళ్ల పూర్తి పేర్లు, ఊరి ఫోన్ నంబర్లు అప్పుడే తీసుకోండి. సైన్ ఆఫ్ అయ్యాక (షిప్ దిగిపోయాక) ఒకరు ఫిలిప్పీన్స్‌లో, ఇంకొకరు ఉక్రెయిన్‌లో ఉంటారు.

పోర్టులో డాక్టర్‌కు చూపించమని అడగడం మీ హక్కు. వీలున్న చోట ఆలస్యం చేయకుండా చూపించాలి. ఇంకో రెండు రోజుల్లో సెయిలింగ్ ఉంది, తర్వాతి పోర్టులో చూద్దాం అంటే, అది కూడా రాతలో అడిగి పెట్టుకోండి. విదేశీ డాక్టరు ఇచ్చే కాగితాలు మీకు అర్థం కాని భాషలో ఉన్నా పారేయకండి. మీ కేసులో కంపెనీ జీతం తీసుకోని డాక్టరు రాసిన మొదటి కాగితం బహుశా అదే అవుతుంది.

కెప్టెన్ మంచివాడు, గొడవ ఎందుకు అనుకుంటారు చాలామంది. మంచి కెప్టెన్ అయితే రాయడానికి అతనికీ అభ్యంతరం ఉండదు. భారత చట్టంలో కూడా నావికుల కోసం ఒక మాట ఉంది: ప్రమాదం, దాని వల్ల పని చేయలేకపోవడం రెండూ షిప్‌లోనే మొదలైతే నోటీసు విడిగా ఇవ్వలేదన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయడానికి లేదు. ఆ రక్షణ ఉంది కదా అని రాయడం మానేయకండి. అది చివరి గొడుగు మాత్రమే.

జబ్బు అయితే లెక్క కొంచెం వేరు

వైద్యం ఖర్చు, జబ్బు జీతం వరకు దెబ్బకూ జబ్బుకూ తేడా లేదు. అపెండిక్స్ అయినా, డెంగీ అయినా, సర్వీసులో ఉండగా వచ్చిందంటే ఆ రెండూ రావాలి. తేడా మూడో రకం డబ్బు దగ్గర వస్తుంది. వైకల్య పరిహారానికి చాలా కాంట్రాక్టుల్లో ఆ జబ్బుకూ పనికీ సంబంధం చూపించాలి. అందుకే ఎన్ని గంటలు పని చేశారో, విశ్రాంతి గంటలు రిజిస్టరులో ఒకలా, నిజంలో ఒకలా ఉన్నాయా, ఇంజిన్ రూమ్‌లో ఎంత వేడి, ఏ రసాయనం వాడారు, ఈ వివరాలు మీ సొంత డైరీలో ఉంటే చాలా పనికొస్తాయి. పెద్ద శబ్దాల మధ్య ఏళ్లు పనిచేసి చెవి పోవడం, ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు మన చట్టం వృత్తి జబ్బుల పట్టికలోనే ఉన్నాయి. విపరీతమైన పని ఒత్తిడి వల్ల గుండెపోటు వచ్చిందని చూపించగలిగితే కోర్టులు దాన్ని కూడా ప్రమాదంగానే చూసిన సందర్భాలున్నాయి.

చెన్నైలో దిగిన తర్వాత మొదటి వారాలు

దిగిన మూడు రోజుల్లోగా కంపెనీకి, ఆర్‌పీఎస్‌ఎల్ ఏజెంటుకు మెయిల్ పెట్టండి. ఫిలిప్పీన్స్ నావికుల ప్రామాణిక కాంట్రాక్టులో మూడు పనిదినాల్లో రిపోర్టు చేయాలన్న షరతు కఠినంగా ఉంటుంది. మన కాంట్రాక్టులు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. మూడు రోజుల్లో మెయిల్ వెళ్లిపోతే ఏ షరతు ఉన్నా మీరు గడువులోనే ఉంటారు. ఊరికి వెళ్లి అమ్మను చూసి వచ్చాక పంపుదాంలే అనుకోవద్దు. విశాఖ రైలు ఎక్కే ముందు సెంట్రల్ స్టేషన్‌లో కూర్చునైనా పంపేయండి.

కంపెనీ ఒక డాక్టరును చూపిస్తుంది. వెళ్లండి. వెళ్లకపోతే అదే సాకు అవుతుంది. వెళ్లిన ప్రతిసారీ ఎముకలు, నరాలు, ఏది నొప్పిగా ఉంటే అది మొత్తం చెప్పండి. మగాడు నొప్పి ఓర్చుకోవాలని ఇంట్లో నేర్పిన అలవాటు ఆ గదిలో పనికిరాదు. "బాగానే ఉంది డాక్టర్" అని మీరన్న మాటను ఆయన అలాగే రాసుకుంటాడు.

దాంతో పాటు మీ సొంత డాక్టరుకు కూడా చూపించండి. చెన్నైలో స్టాన్లీ ఆసుపత్రి, సెంట్రల్ దగ్గర రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. ప్రైవేటుకు డబ్బు లేకపోయినా ఆర్థో విభాగంలో మంచి నిపుణులున్నారు. కంపెనీ డాక్టరు, మీ డాక్టరు చెప్పింది కలవకపోతే, ఐటీఎఫ్ తరహా ఒప్పందాల్లో ఇద్దరూ కలిసి మూడో డాక్టరును పెట్టుకుంటారు. ఆయన చెప్పింది ఇద్దరికీ చివరి మాట. మూడో డాక్టరును అడగడం మొండితనం కాదు, ఒప్పందంలోనే ఉన్న దారి.

జబ్బు జీతం ప్రతి నెలా వస్తోందా? ఒక నోట్‌బుక్‌లో దెబ్బ తగిలిన లేదా జబ్బు మొదలైన రోజును ఒకటో రోజుగా వేసి లెక్క పెట్టండి. 16 వారాలంటే 112 రోజులు. చాలాసార్లు రెండు నెలలు ఇచ్చి ఆపేస్తారు, మనం అడగం.

శాతం అంటే ఏమిటి?

ఇక్కడే అందరూ తికమక పడతారు. మూడు రకాల శాతాలు ఉన్నాయి, మూడూ వేర్వేరు.

వికలాంగుల హక్కుల చట్టం 2016 కింద ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్‌లోని శాతం పెన్షన్, బస్ పాస్, రిజర్వేషన్ కోసం. అక్కడ 40 శాతం అనేది ఒక గీత. కాంట్రాక్టులోని శాతం డాక్టరు వేసే వైద్య అంచనా. నష్టపరిహార చట్టంలోని శాతం సంపాదించే శక్తి ఎంత తగ్గిందన్నది. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం పట్టికలో బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14, మధ్యవేలు మొత్తం పోతే 12 అని ఉంటుంది. పట్టికలో లేని దెబ్బకు అర్హుడైన డాక్టరు అంచనా వేయాలి.

కానీ అంకె అక్కడితో ఆగనక్కర్లేదు. మోచేతి పైభాగంలో ఎడమ చెయ్యి తీసేసిన ఒక వడ్రంగి కేసులో, 1970ల మధ్యలోనే సుప్రీంకోర్టు చెప్పింది: ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అది 100 శాతం నష్టం. నావికుడికి దీని అర్థం చాలా పెద్దది. మణికట్టు 20 శాతం పోయినా, మెడికల్‌లో ఇక షిప్‌కు పనికిరాడని తేలితే, సముద్రం మీద అతని సంపాదన మొత్తం పోయినట్టే. ఐటీఎఫ్ తరహా ఒప్పందాలు కూడా ఇదే చెబుతాయి. 50 శాతం లేదా అంతకంటే ఎక్కువ వైకల్యం ఉంటే, లేదా శాతం తక్కువైనా ఏ పనిలోనూ మళ్లీ సముద్ర సేవకు శాశ్వతంగా పనికిరాడని డాక్టరు రాస్తే, పూర్తి పరిహారం వస్తుంది. అందుకే డాక్టరును "ఎంత శాతం?" అని ఒక్కటే అడగొద్దు. "నేను మళ్లీ షిప్ ఎక్కగలనా?" అని కూడా అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

చట్టం కింద డబ్బు ఎలా లెక్కిస్తారో ఒక ఉదాహరణ. 1923 చట్టంలో నెల జీతాన్ని గరిష్ఠంగా 15,000 రూపాయలుగానే తీసుకుంటారు, 2020 జనవరి నుంచి ఆ పరిమితి. శాశ్వత పూర్తి వైకల్యానికి అందులో 60 శాతం, అంటే 9,000. 30 ఏళ్ల వయసుకు పట్టికలోని గుణకం 207.98. రెండూ గుణిస్తే 18,71,820 రూపాయలు. బొటనవేలు ఒక్కటే లెక్క అయితే దాంట్లో 30 శాతం, 5,61,546. నెలకు లక్ష సంపాదించే మనిషికి 15,000 పరిమితి అన్యాయమని నా గట్టి అభిప్రాయం. అందుకే డాలర్లలో ఉన్న కాంట్రాక్టు పరిహారాన్ని ముందు పట్టుకోవాలి. చెల్లించడంలో నెల దాటితే చట్టం కింద 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా కూడా వేయవచ్చు.

ఈ చట్టాన్ని 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిపేశారు. ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం స్థానంలో కూడా పార్లమెంటు 2025లో కొత్త చట్టం ఆమోదించింది. కాబట్టి మీ ప్రమాదం ఏ తేదీన జరిగిందో లాయరుకు మొదటి మాటగా చెప్పండి. పిటిషన్ ఏ చట్టం కింద వేయాలన్నది దాన్ని బట్టే ఉంటుంది.

ఏ తలుపు తట్టాలి

మొదట రాతలో కంపెనీకి, ఏజెంటుకు. కాంట్రాక్టులోని క్లాజు నంబరు వేసి, నాలుగు రకాల డబ్బునూ విడివిడిగా అడగండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే అదే లేఖ కాపీ ఇన్సూరెన్స్ ఇచ్చిన పీ అండ్ ఐ క్లబ్బుకు.

తర్వాత యూనియన్. రేటింగ్స్‌కు (ఆఫీసర్లు కాని నావికులకు) నూసి, ఆఫీసర్లకు ఎంయూఐ. కాంట్రాక్టు మీద వాళ్ల ఒప్పందం ఉంటే వాళ్లు మాట్లాడాల్సిందే. నా అనుభవంలో యూనియన్ నుంచి ఒక గట్టి లేఖ వెళితే, మామూలుగా మూడు నెలలు పట్టే జవాబు వారంలో వస్తుంది.

ఏజెంటు తప్పించుకుంటుంటే ప్రభుత్వానికి ఫిర్యాదు. చెన్నైలో డీజీ షిప్పింగ్ కింద పనిచేసే మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ రాజాజీ సాలైలో యాంకర్ గేట్ బిల్డింగులో ఉంది. దేశంలో నావికుల వ్యవహారాలు చూసే షిప్పింగ్ మాస్టర్ ఆఫీసులు ముంబయి, కోల్‌కతా, చెన్నైలోనే ఉన్నాయి కాబట్టి మన అదృష్టం కొద్దీ ఒకటి దగ్గర్లోనే ఉంది. జీతం బాకీలు, జబ్బు జీతం ఎగవేతల మీద మొదట అక్కడికే వెళ్లండి. లైసెన్సు పోతుందన్న భయం ఏజెంటుకు ఉంటుంది.

చట్టం కింద పరిహారం కోసం చెన్నైలో డిప్యూటీ లేబర్ కమిషనర్ దగ్గర పిటిషన్ వేస్తారు. మీరు నివసించే చోటే వేయవచ్చు, కాబట్టి శ్రీకాకుళంలో ఇల్లు ఉన్నవాళ్లు అక్కడి అధికారి దగ్గరే వేసుకోవచ్చు, చెన్నై దాకా రానక్కర్లేదు. పాత చట్టంలో గడువు రెండేళ్లు. దాన్ని అంచుదాకా లాగకండి, సాక్షులు చెదిరిపోతారు. షిప్ గానీ మిమ్మల్ని తీసుకున్న కంపెనీ గానీ భారత్‌లో రిజిస్టరైతే ఈ దారి నేరుగా ఉంటుంది. పూర్తిగా విదేశీ అయితే కంపెనీ అభ్యంతరం లేవనెత్తుతుంది, అప్పుడు కాంట్రాక్టు దారే బలమైనది. ఒక జాగ్రత్త: ఇదే దెబ్బకు కమిషనర్ దగ్గర క్లెయిమ్ వేశాక, నష్టాల కోసం సివిల్ కోర్టులో మళ్లీ దావా వేయడం కుదరదు. ఏది ముందు వేయాలో లాయరుతో కూర్చుని ఆలోచించుకోండి.

ఇక హైకోర్టు. 2017 అడ్మిరాల్టీ (ఓడల మీద దావాల) చట్టం 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మద్రాసు హైకోర్టుకు ఓడను అరెస్టు చేసే అధికారం ఉంది. జీతం బాకీలకు ఓడ మీద మొదటి హక్కు నావికులది. ఓడ నడపడానికి నేరుగా సంబంధించిన గాయానికి రెండో హక్కు. గాయం మీద ఆ హక్కు ఏడాదే బతుకుతుంది, జీతం మీద రెండేళ్లు. మీ షిప్ ఎన్నూరుకో, కాట్టుపల్లికో, చెన్నై పోర్టుకో వస్తోందని తెలిస్తే ఈ ఆయుధం విలువ ఒక్కసారిగా పెరుగుతుంది. కంపెనీ ఎక్కడో మార్షల్ ఐలాండ్స్‌లో ఉన్నా ఓడ మాత్రం ఇక్కడే ఉంటుంది కదా.

లాయరు ఫీజు భయం ఉంటే, లీగల్ సర్వీసెస్ చట్టం 1987 ప్రకారం వైకల్యం ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఇది మనవాళ్లలో పదిమందిలో ఒకరికి కూడా తెలియదు.

ఆ కాగితం ముందు పెట్టినప్పుడు

ఇప్పుడు నన్ను అడిగే ఆ ప్రశ్నకు జవాబు. వైద్యం పూర్తయి, వైకల్యం తేలేదాకా ఫుల్ అండ్ ఫైనల్ (ఇక రావాల్సింది ఏమీ లేదనే కాగితం) మీద సంతకం పెట్టకండి.

దీని వెనక నియమాలు ఉన్నాయి. కాంట్రాక్టు పరిహారం పూర్తిగా, ఆలస్యం లేకుండా ఇవ్వాలి. తక్కువకు ఒప్పుకోమని ఒత్తిడి చేయకూడదు. వైకల్యం ఎంతో తేలడానికి టైమ్ పడితే, కష్టం రాకుండా మధ్యంతర చెల్లింపులు ఇవ్వాలి. 2017లో అమల్లోకి వచ్చిన ఎంఎల్‌సీ సవరణతో పాటు ఒక నమూనా రసీదు కూడా ఇచ్చారు. తీసుకున్న డబ్బు కాంట్రాక్టు పరిహారం వరకే, యజమాని నిర్లక్ష్యం మీద చట్టప్రకారం అడిగే హక్కు అలాగే ఉంటుందని ఆ రసీదు చెబుతుంది. మీ ముందు పెట్టిన కాగితంలో అందుకు విరుద్ధంగా ఉంటే, నమూనా రసీదే కావాలని అడగండి. మన 1923 చట్టంలో కూడా, పరిహారం హక్కును వదులుకుంటున్నానని రాయించుకున్న ఒప్పందం చెల్లదు. నా విషయంలో ఈ మాట చెప్పేవాళ్లు దొరికేసరికి ఆలస్యమైంది.

డబ్బు అత్యవసరం, ఇంటి అద్దె ఉంది, పిల్లల ఫీజు ఉంది, చెక్కు వదులుకోలేరు. అది నాకు తెలుసు. అప్పుడు కాగితం మీద మీ చేతిరాతతో "ఇది జబ్బు జీతం మాత్రమే, మిగతా హక్కులన్నీ నావే" అని రాసి, కింద తేదీ వేసి సంతకం పెట్టండి. ఫొటో తీసుకోండి. వద్దంటే బయటికి వచ్చి మెయిల్‌లో అదే మాట రాయండి.

మళ్లీ షిప్ ఎక్కాలని ఉంటే

ఈ విషయం ఎవరూ ముందు చెప్పరు. సముద్రానికి శాశ్వతంగా పనికిరానని పూర్తి పరిహారం తీసుకుని, మరుసటి ఏడాది ఫిట్ సర్టిఫికెట్‌తో వేరే కంపెనీలో చేరడం కుదరదు. రెండోసారి దెబ్బ తగిలితే మీ పాత ఫైలే మీ మీద సాక్ష్యం చెబుతుంది. అలాగే బాగు కాని మణికట్టును దాచి కాంట్రాక్టు పట్టడం కూడా అంతే ప్రమాదం. ఈ రెండింట్లో ఏది కావాలో ఇంట్లో కూర్చుని, వయసు, ఇంకెన్ని ఏళ్లు చేయగలరు, ఒడ్డున ఏం చేయగలరు చూసుకుని నిర్ణయించుకోవాలి. 27 ఏళ్ల కుర్రాడికి ఒక సమాధానం, 48 ఏళ్ల బోసన్‌కు (డెక్ సిబ్బంది పెద్దకు) ఒకటి. పాక్షిక పరిహారం తీసుకుని, నిజంగా బాగై, నిజం చెప్పి మళ్లీ ఎక్కినవాళ్లు కూడా నాకు తెలుసు.

నా దగ్గరికి వచ్చినా, యూనియన్‌కు వెళ్లినా, రాజాజీ సాలై వెళ్లినా ఇవి తెచ్చుకోండి: సీడీసీ (నావికుడి సర్వీసు పుస్తకం), ఇండోస్ నంబరు (ప్రతి భారతీయ నావికుడికీ ఇచ్చే నంబరు), కాంట్రాక్టు అన్ని పేజీలతో, సైన్ ఆన్ ముందు మెడికల్, యాక్సిడెంట్ రిపోర్టు లేదా అడిగి పంపిన మెయిల్, పోర్టు డాక్టరు కాగితాలు, స్కానింగులు, జీతం స్లిప్పులు ఆఖరి మూడు నెలలవి, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ ఫొటో. రెండు జతల జిరాక్స్. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి, చూపించి వెనక్కి తీసుకోండి. రాజాజీ సాలై ఆఫీసుకు లోకల్ ట్రైన్‌లో వస్తే చెన్నై బీచ్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లవచ్చు. ఉదయం 10 గంటలకే వెళితే ఆ రోజే లేఖ ఇచ్చి, కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకుని రావచ్చు. స్టాంపు వేసిన ఆ కాపీ చేతికి రాకుండా ఆఫీసు మెట్లు దిగకండి.